సదివినంకనే రాయి, మల్లేషా

ఈ సభలో కూర్చున్న, నిలబడ్డ, గోడ మీదికెక్కి చూస్తున్న సమస్త జనులకూ ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: మిర్చీ బజ్జీలు మనిషికి రెండు. మూడోది తీసుకున్న వారెవరో నాకు తెలియును గాని, వారు వేదిక మీదనే ఉన్నందున పేరు చెప్పుట లేదు. మైకు కుడిపక్కకు వంగి ఉన్నది, దానిని ఎవరూ సరిచేయరాదు, ఎందుకనగా సరిచేసిన ప్రతిసారీ అది కూతపెట్టినది. గుమ్మం దగ్గర నీలం రంగు ఎడమకాలి చెప్పులు రెండు మిగిలి ఉన్నవి. కుడికాలివి రెండూ వేసుకొని తిరుగుతున్న మహానుభావుడు సభ ముగిసేలోగా తన కాళ్ల వైపు ఒకసారి చూసుకొనగలడు. (నవ్వులు)

ప్రకటన అయిపోయింది. ఇక అసలు మాట. సభకు అధ్యక్షత వహిస్తున్న మన గొంగళ్ల నేత సంఘం అధ్యక్షులు కాటమయ్య గారికి, మహబూబ్‌నగర్ నుంచి బస్సు మారి మరీ వచ్చిన ముఖ్య అతిథి, చేనేత శాఖ మెర్సీ మేడం గారికి, ముప్పై ఒక్క ఏండ్లు ఈ సంఘానికి గుమాస్తాగా ఉండి ఈ సాయంత్రం శాలువా కప్పించుకోబోతున్న జానయ్య గారికి, అంటే మా జానన్నకు, ఆయన పక్కన కూర్చొని వీడేం కూస్తాడో అని నా నోటికేసి అనుమానంగా చూస్తున్న లీలమ్మ వదినకు, మగ్గాలు ఆపి వచ్చిన అక్కలకు, అన్నలకు, ఈ కొత్తకోట పెద్దలకు, మల్లేష్ అనే నేను చేతులెత్తి మొక్కుతున్నాను.

నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. పొగడటం నాకు చేతకాదని మీకందరికీ తెలుసు, చేతనైంది ఏందో కూడా తెలుసు గనక వదిన అట్లా చూస్తోంది. అయితే నేను లేచింది ఒక పని మీద. అధ్యక్షుల వారి ముందు, బల్ల మీద, ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉంది చూడండి. అది మన కమిటీ తీర్మానాల పుస్తకం. పొద్దున నేనే బీరువాలోంచి తీయించి అక్కడ పెట్టించాను. ఎందుకురా అని కాటమయ్య గారు అడిగితే అలంకారానికి అన్నాను. (నవ్వులు) అలంకారానికి కాదు. ఐదేండ్ల కిందట జానన్న మీద అందులో ఒక మాట రాశారు. ఆ మాటను అట్లే ఉంచి, ఈ మనిషికి శాలువా కప్పి ఇంటికి పంపడం తప్పు. అది ఇవ్వాళ, ఈ సభలో, కొట్టేయాలి.

కొత్తవారి కోసం మొదటి నుంచి చెబుతాను. కొత్త జిల్లాలు వచ్చిన ఏడు మన సంఘానికి ఆన్‌లైన్‌లో ఒక పేజీ తెరిచారు. నల్ల గొంగళ్ల ఫొటోలు అందులో పెడితే ఎక్కడెక్కడివాళ్లో అడిగేవారు. జవాబులు జానన్న రాసేవాడు. ఆయన కామెంట్ రాయడం చూడాలి మీరు. మొదట పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్నుతో రాసి, ఒకసారి చదువుకొని, ఒక అక్షరం దిద్ది, అప్పుడు ఒక వేలితో ఫోన్‌లో కొట్టేవాడు. ఎవరో ఊరూపేరూ లేనివాడు "రేటెంత" అని అడిగినా సరే, ఈయన "గౌరవనీయులైన వారికి" అని మొదలుపెట్టేవాడు.

అంత నిదానం పనికిరాదని కమిటీ వారు నన్ను తీసుకున్నారు. నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది, గొర్లు అమ్ముకున్నాను, ఆటో నడిపాను, మాట మాత్రం జోరుగా వస్తుంది. నన్ను రెండు రోజుల శిక్షణకు హైదరాబాద్ పంపారు. అక్కడ టై కట్టుకున్న ఒక సారు మీ ఎంగేజ్‌మెంట్ పెరగాలి, ఎంగేజ్‌మెంట్ పెరగాలి అని రెండు రోజులూ అంటే, నాకు ఇద్దరు పిల్లలున్నారు సార్, ఇప్పుడెట్లా అని లేచి అడిగాను. (నవ్వులు) రోజుకు వంద కామెంట్లు పెట్టాలన్నాడు. ఒకటి రాసి దాచుకో, కనబడ్డ చోటల్లా అతికించు అన్నాడు. నేను రాసి దాచుకున్నది ఇది: "మంచిగున్నది. ఇట్లాంటివి మా దగ్గర ఇంకా ఉన్నయి. కావలసినవారు సంప్రదించగలరు."

అది చూసి జానన్న, "గదేంది మల్లేషా, ఒకలింటి అరుగు మీద కూసోని మన గొంగళ్లు అమ్ముతమా?" అన్నాడు.

"అరుగు కాదన్నా, బ్లాగు" అన్నాను.

"ఏదన్న గానీ. గా ఇంటోళ్లు ఏం మాట్లాడుతున్నరో ఇన్నవా? సదివినంకనే రాయి."

అన్నంత పనీ చేసి చూపించాడు. వాన గురించి ఎవరో అమ్మాయి తన బ్లాగులో రాసుకుంటే, దాని కింద, గొంగడి మీద పడ్డ వాన లోపలికి దిగకుండా ఎట్లా జారిపోతుందో ఇరవై వరసలు రాశాడు. మన సంఘం పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. నేను తల కొట్టుకున్నాను. వారం తిరిగేసరికి ఆ అమ్మాయే, ఇంత తెలిసిన మీరెవరండీ అని అడిగింది. అప్పుడు చెప్పాడు, అడిగిన తర్వాత చెప్పాడు. నేను వంద చోట్ల అతికించిన దానికి ఒక్కరు కూడా మీరెవరని అడగలేదు. అడక్కముందే వంద చోట్ల చెప్పి ఉన్నాను కదా!

నా తెలివి అంతటితో ఆగలేదు. ప్రణీత అని ఒక మనిషిని తయారుచేశాను. కూకట్‌పల్లిలో ఉంటుందట, మన గొంగడి కొన్నదట, చలి అన్నదే మరిచిపోయిందట. మన పేజీ మీద ఆమెతో పొగిడించాను. జానన్న అది నిజమనుకొని, గౌరవనీయులైన ప్రణీత గారికి, గొంగడి మెడ దగ్గర గుచ్చుకుంటోందా, మొదట్లో గుచ్చుతుంది, ఎండలో వేసి దులపండి, అని రాశాడు. ఏం చేస్తాను, ప్రణీత జవాబివ్వాల్సి వచ్చింది. ఈయన మళ్లీ రాశాడు. నెల రోజులు నేను పొద్దున మల్లేష్‌ను, మధ్యాహ్నం ప్రణీతను. (నవ్వులు) ఆఖరికి, ఈ దిక్కు వస్తే మా ఇంట్లో జొన్నరొట్టె తిని పోవాలమ్మా అని కూడా రాశాడు. వదినా, నీకు చెప్పే పిలిచాడా? లేదట. (నవ్వులు)

ఒక రోజు అన్నం డబ్బా విప్పుతూ మెల్లగా అన్నాడు: "ప్రణీత గారు గొంగడి అని రాయరు మల్లేషా, గొంగడ అని రాస్తరు. నువ్వు సుత గట్లనే రాస్తవు." నేను నా డబ్బా మూత పెట్టేశాను. "రేపు నిజంగనే ఒకామె కొని, మంచిగుందని రాస్తదనుకో. నమ్మెటోడు ఎవడు?" అని మాత్రం అడిగాడు. ప్రణీత గారు ఆ సాయంత్రమే కాలం చేశారు.

నవ్వారు కదా, ఇక కొంచెం సేపు నవ్వకండి.

అప్పటికి నేను చేరి ఐదు నెలలైంది. పొద్దున్నే ఫోన్‌లో గొంగడి అనే మాట ఎక్కడుందో వెతకడం, కనబడిన చోట దాచుకున్నది అతికించడం, టీ తాగడం, ఇదే నా కొలువు. ఒకచోట ఒక ముసలాయన ఫొటో వచ్చింది. భుజాన నల్ల గొంగడి, చేతిలో కట్టె. పైన ఏదో రాసి ఉంది. అందులో గొంగడి అనే మాట ఉంది. అతికించాను. మంచిగున్నది. ఇట్లాంటివి మా దగ్గర ఇంకా ఉన్నయి.

ఆ పైన రాసి ఉన్నది ఇది: "మా తాత ఇయ్యాల గొంగడి దించిండు."



గొర్లకాపరి పొద్దున భుజాన వేసుకున్న గొంగడిని మంద ఇల్లు చేరేదాకా దించడు. మా బాపు పోయిన రోజు మా అవ్వ కూడా ఇదే మాట అని ఏడ్చింది. పట్నం వాడైతే ఆ మాట అర్థం కాలేదని తప్పించుకోవచ్చు. నేను గొర్లకాపరి కొడుకును. చదివి ఉంటే ఆ ఐదు మాటలు నాకు అర్థమయ్యేవి. చదవలేదు.

రాసిన అమ్మాయి పేరు సుస్మిత. ఆమె తిట్టలేదు. నా కామెంట్ కింద ఒకటే వరస రాసింది: "గిసోంటి తాత మీ దగ్గర ఇంకొకలున్నరా సార్? ఉంటే చెప్పుండ్రి."

ఆమె తిట్టలేదు గాని మిగిలినవాళ్లు తిట్టారు, వందల మంది మన పేజీ మీదికి వచ్చి తిట్టారు. నేనూ జానన్నా రాసేవి అన్నీ సంఘం పేరు మీదనే. అది ఎవరు రాశారో బయటివాళ్లకు తెలియదు, కమిటీకీ తెలియదు. మీటింగు పెట్టారు. కాటమయ్య గారూ, మీరు బల్ల గుద్దారు, గుర్తుందా? "ఎవడు రాసిండుల్లా గిది? నోరు తెరవుండ్రి!" అన్నారు. ఎప్పుడూ మూతపడని నా నోరు ఆ రోజు తెరుచుకోలేదు. నేను బల్ల కింద నా కాళ్లు చూసుకుంటున్నాను.

జానన్న లేచాడు. "నేనే రాసిన కాటమన్నా. కండ్లద్దాలు లేకుంట సగమే సదివిన" అన్నాడు.

ఆ అద్దాలు ఆయన ముక్కు మీదనే ఉన్నాయి. ఎవరూ చూడలేదు.

గుమాస్తా జానయ్య నిర్లక్ష్యం వలన సంఘం పరువుకు భంగం కలిగినందున, ఇకమీదట వారు సంఘం పేరున ఎటువంటి వ్యాఖ్యలూ రాయరాదని తీర్మానించడమైనది. ఇదీ ఆ ఎర్ర అట్ట పుస్తకంలో ఉన్న మాట. తీర్మానాలు రాయవలసింది గుమాస్తా కనుక, దాన్ని కూడా ఆయనే రాశాడు. చూడండి ఒకసారి, ఒక్క అక్షరం వంకర పోలేదు.

బయటికొచ్చాక వెంటపడ్డాను. "గట్లెందుకన్నవే అన్నా?"

"నన్నైతే నాలుగు మాటలని ఊకుంటరు. నిన్నైతే ఇంటికి పంపుతరు. ఇద్దరు పిలగాండ్లు నీకు" అన్నాడు. తర్వాత, "ఫికర్ ఎందుకు, పా, గా పిల్లకు మాఫీ అడుగుదాం" అన్నాడు.

అట్లా, రాయవచ్చినవాడికి రాయొద్దని తీర్మానం, రాయరానివాడికి కొలువు పదిలం. ఐదేండ్లు ఆయన క్యాలెండర్ కాగితాల వెనక రాసి నా బల్ల మీద పెట్టి పోయేవాడు, నేను కొట్టేవాణ్ణి. గొంగడి వాసన వస్తోంది, మోసగాళ్లు అని ఒకావిడ రాస్తే, ఉన్ని వాసన రాక మల్లెపూల వాసన వస్తదా అని కొట్టబోయాను. "ముందుగాల ఆమె పేరు రాయి. పేరు రాసినంక తిట్టబుద్ధి గాదు, చూడు" అన్నాడు. రాశాను. నిజంగానే కాలేదు. మెర్సీ మేడం, కొనుగోలుదారులతో మర్యాదగా మాట్లాడే పేజీ అని పోయినేడు మీరు నాకొక ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇదిగో తెచ్చాను. దీని మీద పేరు తప్పు పడింది. (ప్రశంసాపత్రం జానయ్య గారి చేతికి ఇచ్చి)

ఆ అమ్మాయికి జానన్న రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది. "అమ్మా సుస్మితా, మీ తాత ఫొటో కింద మేము రాసిన మాట మనుషులు రాసేది కాదు. తాత పేరు మాకు తెలియదు. తెలిస్తే పేరు చెప్పి దండం పెట్టేవాళ్లం." ఇంతే. సంఘం గురించి ఒక్క ముక్క లేదు. ఇది ఆమెకు ఒక్కదానికే వెళ్లాలి, పదిమంది చూసే చోట పెట్టొద్దు అన్నాడు. రోజూ పొద్దున వచ్చి, "సూసిందా? జవాబొచ్చిందా?" అనేవాడు. డబ్బాలో అన్నం అట్లే ఇంటికి తీసుకుపోయేవాడు. పదో రోజు జవాబు వచ్చింది, నేను ఫోన్‌లో చదివి వినిపించాను: సార్, మీ ఉత్తరం మా అవ్వకు సుత సదివి వినిపించిన, మా తాత పేరు సాయిలు, మీరు ఫికర్ చెయ్యకుండ్రి. జానన్న ఆ పేరు కాగితం మీద రాసుకొని, ఆ పూట అన్నం తిన్నాడు. అప్పటి నుంచి ఏ పార్సిల్ కడుతున్నా, సాయిలు తాత పేరు మీద మంచిగ కట్టుండ్రి అంటాడు. కట్టే అక్కలందరికీ తెలుసు ఆ మాట.

అధ్యక్షుల వారూ, ఆ కామెంట్ రాసింది నేను. జానయ్య గారు కాదు. పుస్తకం తెరవండి. (అధ్యక్షులు ఏదో అన్నారు) కొట్టేసి కొత్త తీర్మానం ఎవరు రాయాలె, గుమాస్తా రిటైరయ్యిండు గదా అంటున్నారు. నేను రాస్తాను. అక్షరాలు వంకర పోతాయి, పోనివ్వండి. నా పేరు పూర్తిగా రాస్తాను. నన్ను ఉంచుతారో పంపుతారో రేపు మీటింగులో చెప్పండి, ఈసారి కాళ్లు చూసుకోను. జానన్నా, నువ్వు చెయ్యి అడ్డం ఊపకు. కూర్చో.

ఈ టెంటు వేసినవారికి, టీ పోసినవారికి, ఇంతసేపు విన్న మీకందరికీ, ఐదేండ్లు నా పాపం మోసిన మనిషికి అన్నం పెట్టిన లీలమ్మ వదినకు, దండాలు.

దిగేముందు ఒక్కటి. పుస్తకంలో అబద్ధం కొట్టేయించి, మైకులో అబద్ధం మిగిల్చి పోతే కుదరదు. జానన్నా, నీ ఉత్తరం పోలేదు. అప్పటికే ఆ అమ్మాయి మన పేజీ తన కంటికి కనబడకుండా బ్లాక్ చేసేసింది. జవాబు రాలేదు. నువ్వు అన్నం తినడం లేదని నేనే అల్లి చదివాను. ఆమె అవ్వ, ఫికర్ చెయ్యకుండ్రి అన్న మాట, అన్నీ నావే. సాయిలు అనే పేరు కూడా నేనే పెట్టాను.

ఆ తాత పేరేందో నాకు ఇవ్వాళ్టికీ తెలియదు.

సెలవు.