ఎనిమిదో మెరుపు

మందుల గోడౌన్‌లో కంప్యూటర్ గది. స్కానర్ పట్టుకుని సరుకు పంపే అక్క, ఆ కంప్యూటర్ చూసుకునే తమ్ముడు.

"మీరే చంపుతున్నారు! నువ్వూ, నీ కంప్యూటరూ, పైన చల్లగా కూర్చున్న ఆ మేనేజరూ!"

"అక్కా, మెల్లగా. తలుపు తీసుంది."

"ఉండనీ. వినాలనే అరుస్తున్నా. డెబ్భైమూడో బ్యాచ్ సెలైన్ పాడైంది, ఎక్కిస్తే ప్రాణం పోతుందని పొద్దున కంపెనీ నుంచి కబురొచ్చిందా లేదా?"

"వచ్చింది. ఆ బ్యాచ్ మన గేటు దాటలేదని రాసి పంపేశాం కూడా. ఇదిగో, స్క్రీన్ మీద చూడు, నలభై పెట్టెలూ ఇక్కడే—"

"స్క్రీనూ లేదు, నీ మొహమూ లేదు! రాక్ దగ్గరికెళ్ళి చూసొచ్చా. ఖాళీ. బయటికి పోయిందన్న డెబ్భైరెండు మాత్రం దర్జాగా కూర్చునుంది."

"అదెలా... డెబ్భైరెండు నిన్న పిల్లల ఆసుపత్రికి పోయింది కదా."

"పోయింది డెబ్భైమూడు. నా చేత్తో బండికెక్కించా. నా స్కానర్లో ఇంకా ఉంది, చూడు. ఎంతుంది? చదువు."

"డెబ్భైమూడు."

"నీ దాంట్లో?"

"డెబ్భైరెండు."

"మధ్యలో ఎవడు మార్చాడు?"

"ఎవరూ మార్చలేదక్కా. స్కానర్‌ని స్టాండులో పెడితే వైరేం ఉండదు కదా. అడుగున చిన్న అద్దంలోంచి దీపం మెరుస్తుంది. ఒక్కో అంకెకీ వరసగా, ఒకదాని వెనక ఒకటి. మెరిస్తే ఒకటి, మెరవకపోతే సున్నా. మూడుకీ రెండుకీ తేడా ఒక్క మెరుపే. అద్దం గీతలు పడిపోయి ఆ ఒక్కటీ..."

"అందలేదు. అందలేదని దానికి తెలిసి చావదా?"

"తెలుస్తుంది. ఏడు మెరుపులు అంకెవి, ఎనిమిదోది కాపలా. వెలిగినవన్నీ కలిపితే సరిసంఖ్య రావాలి. ఒకటి తగ్గితే బేసి. వెంటనే 'మళ్ళీ పంపు' అంటుంది."

"మరి అనలేదే?"

"ఆ కాపలా తీసేశాం. నెలైంది."

"తీసేశారా!"

"వదిలెయ్ అక్కా. రిపోర్టు పంపేశాం. ఇప్పుడు తప్పని చెబితే నా ఉద్యోగం..."

"అక్కడ పసిపిల్లలకి బొట్టుబొట్టుగా ఎక్కుతుంటే నీ ఉద్యోగమా! ఆ ఆసుపత్రికి ఎవరైనా చెప్పారా?"

"లేదు. మన లెక్కలో డెబ్భైమూడు వాళ్ళకి పోలేదుగా."

"తీసెయ్యమన్నది ఎవడ్రా? చెప్పు, ఇప్పుడే పోయి చొక్కా పట్టుకుంటా."

"నువ్వే."

"ఏంటీ?"

"నువ్వేనక్కా. ఇంటికెళ్ళే గంట కొట్టాక కూడా అది 'మళ్ళీ పంపు, మళ్ళీ పంపు' అంటుంటే, అరగంట క్యూలో నిలబెడుతున్నారని అందర్నీ వెంటేసుకొచ్చావు. అద్దాలు మార్చమని మేనేజరుకి మూడుసార్లు రాశానని, పలకట్లేదని చెప్పా. విన్నావా? 'అద్దాల సంగతి తర్వాత, ఆ తనిఖీ తీసి పారెయ్, బస్సు పోతోంది' అని నా బల్ల గుద్దావు. తీసేశా."

"అవును, నేనే అన్నా. అద్దాలు కొనమని ఆ మేనేజరు బల్ల గుద్దాల్సింది, నీ బల్ల గుద్దా. వాడి సంగతీ నా సంగతీ తర్వాత తేల్చుకుందాం. ముందు ఆసుపత్రికి ఫోన్ కలుపు. కలిపి నాకియ్యి. పంపింది నేనే, తనిఖీ తీయించిందీ నేనే అని నా నోటితో చెబుతా. కలుపు! ఆ పిల్లల చేతుల్లోంచి ముందు సూదులు తీయించు!"