వదిన ఉతికిన నక్షత్రం

ఆ ఊదా దీపం అప్పుడే వెలిగించకు బ్రాడీ, కూర్చో. ఈ హాలు అద్దాల బీరువాలో ఏ సైనికుడి వస్తువు పెట్టాలో తేల్చే పని ఇప్పుడు నీదని తెలుసులే. కానీ నేను తెచ్చిన ఆ కోటు మా అన్న వెండెల్‌ది. దాని భుజాన దళం గుర్తుగా కుట్టిన ప్యాచ్ మీద తెల్ల నక్షత్రం అసలుదో కాదో చూసేముందు మా వదిన ఆర్లీన్ సంగతి నువ్వు వినాలి. నా పెళ్ళి కాకముందు వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. కాస్త కదలకుండా కూర్చుంటే చాలు, "లే మరిదీ, ఆ చొక్కా విప్పు" అనేది. నిన్ననేగా ఉతికావంటే, "నిన్నటినుంచీ నువ్వు దాంట్లోనే ఉన్నావుగా" అనేది. అలాంటి మనిషి. ఏం చెప్తున్నా... ఆఁ, కోటు. ఏటా నవంబరులో మాజీ సైనికుల ఊరేగింపుకి అన్న అదే తొడుక్కునేవాడు. ఉన్ని కదా, నీళ్ళలో వేస్తే ముడుచుకుపోతుంది. అందుకని కోటుకి బ్రష్షు కొట్టి, ప్యాచ్ మాత్రం కుట్లు విప్పి, సబ్బుపొడిలో నానబెట్టి, ఇస్త్రీ చేసి మళ్ళీ కుట్టేది. "జర్మనీవాళ్ళు కూడా దాన్నింత హింసపెట్టలేదే" అని అన్న ఏడిపించేవాడు.

అన్న పోయాక ఆ కోటు ఈ బీరువాలో ఉండాలని తనే తెచ్చింది. అప్పుడు ఇక్కడ ప్రూయిట్‌దే పెత్తనం. వాడికేం తెలీదని అనను. పాత నూలు ఈ ఊదా దీపంకింద నల్లగానే ఉంటుంది, కొత్త దారం మెరుస్తుంది, దొంగ ప్యాచ్‌లు వాడు అలా బోలెడు పట్టాడు. చీకటి కోసం తల మీద ఓవర్‌కోటు కప్పుకుని దీపం వేశాడు. నేనూ తొంగిచూశాను, కోటు నల్లగా ఉంది, నక్షత్రం చంద్రుడిలా వెలిగింది. "ప్యాచ్ కొత్తదమ్మా. కుట్టిన దారమూ మొన్నటిదే. మీ ఆయన అసలు ఆ దళంలో ఉన్నాడో లేదో" అన్నాడు, అందరూ వింటుండగా. వదిన దాని చేతులు లోపలికి మడిచి, పసిపిల్ల గౌను మడిచినట్టు కోటు మడిచింది. ఇంటికొస్తూ కార్లో మాత్రం, "నిద్రలో ఏ ఊళ్ళ పేర్లు కలవరించేవాడో నాకు తెలుసు మరిదీ" అంది. ఆ తర్వాత ఆ ప్యాచ్ ముట్టుకోలేదు. ప్రూయిట్ శవయాత్ర మా వీధినే పోయింది. పోయినవాడికి మర్యాదగానైనా నేను టోపీ తియ్యలేదు, ఇప్పుడైనా తియ్యను.

వదిన పోయిన కొన్నాళ్ళకి మా బౌలింగ్ హాల్లో కుర్రకారు సరదా కోసం ఇలాంటి ఊదా దీపాలే పెట్టారు. బంతి పట్టుకుని లేచాను కదా, నా జేబు మీద కుట్టిన పేరు భగ్గున వెలిగింది. ఆ చొక్కా, దాని మీద కుట్టూ అన్న యుద్ధంనుంచి రాకముందువి, పాత నూలే. మా వదిన ఉతికి ఉతికి ఇచ్చిందే. తెల్లగా కనిపించాలని ఆ సబ్బుపొడిలో ఏదో కలుపుతారట, దీపంకింద మెరిసేది అదేనట, డబ్బా మీద రాసుంటుంది, చదువుకో, ఆ పేరు పలకడం నాకెలాగూ రాదు. బంతి అక్కడే కింద పెట్టేశాను. ఈ మాట చెబుదామంటే ఆవిడ లేదు.

ఇప్పుడు వెలిగించు. ముందు నక్షత్రం కాదు, దాని అంచు వెంట ఉన్నిని చూడు. సూది బెజ్జాలు, వరస మీద వరస. ఎన్నిసార్లు విప్పింది, ఎన్నిసార్లు కుట్టింది... ఊఁ. మెరుస్తోందా.

ఆ కాఫీ ఇలా అందుకో. చల్లారిపోయినట్టుంది.