ఎనభై మూడో రోజు గీత

హలో… ఆ, నేనే వదినా. ఒక్క క్షణం, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకోనివ్వండి… ఇస్త్రీ చేస్తున్నాను. మీ తమ్ముడి చొక్కా. ఒక చెయ్యి అయింది, రెండోది మొదలుపెట్టాలి.

ఆయనా? స్నానానికి వెళ్లారు. లోపల ఉపన్యాసం అప్పజెబుతున్నారు, బకెట్టుకి.

…సభకి అప్పుడే వెళ్లి కూర్చున్నారా? ఇంకా గంట ఉంది కదా… ముందు వరసంతా మీ బడి టీచర్లేనా? పన్నెండు మందే! వాళ్లు మీకేం అపకారం చేశారు వదినా…

లేదు, నా గొంతు మామూలుగానే ఉంది.

…మామూలుగానే ఉందంటుంటే.

…సరే, చెబుతాను. పక్కవాళ్లకి వినపడకుండా వినండి. అక్కడ గోడమీద పెద్ద బొమ్మ అంటించి ఉంటుంది చూడండి. చిన్న దవడ… ఆ, అదే. మీ తమ్ముడి బుడ్డోడు. కోటి ఏళ్ల కిందటి తోకలేని కోతిపిల్ల. ఇప్పుడా జాతే లేదు. దాని కింద ఏం రాశారో చదవండి.

…'ఒక పిల్ల పుట్టుక, జబ్బు, పాలు మానడం, మరణం.' ఆ. అందులో తప్పుంది.

…అక్షరదోషం కాదు, మీరు ఎర్రపెన్ను బయటికి తియ్యకండి. పిల్లే తప్పు.

ఒక పిల్ల కాదు వదినా. ఇద్దరు.

…తాగి మాట్లాడటం లేదు. ఇస్త్రీ చేస్తూ మాట్లాడుతున్నాను.

చూడండి, పన్ను పెరిగేటప్పుడు లోపల రోజుకొక గీత పడుతుంది. మాను కోస్తే ఏడాదికొక వలయం కనిపించదూ, అలా. నా పని అదే కదా, పంటిని పలచగా కోసి, అరగదీసి, మైక్రోస్కోపు కింద పెట్టి లెక్కపెట్టడం… ఆ, 'కోతి పళ్లు లెక్కపెట్టడానికా ఇంత చదువు' అని మీ అమ్మగారు అన్నమాట నేనూ మర్చిపోలేదు.

పుట్టిన రోజున ముదురు గీత ఒకటి పడుతుంది. జబ్బు చేస్తే ఇంకోటి. ఒకే నోట్లో, ఒకే రోజుల్లో పెరిగిన పళ్లన్నిటిలోనూ ఆ జబ్బు గీత ఒకే తేదీన ఉండాలి. కదా?

ముందున్న పాలపంటిలో ఎనభై మూడో రోజున ఉంది. వెనకున్న దవడపంటిలో ఆ రోజున ఏమీ లేదు. నూట ఇరవై ఒకటో రోజున ఉంది.

…నాలుగుసార్లు లెక్కపెట్టాను. కళ్లజోడు తుడుచుకుని అయిదోసారి.

ఎలాగేముంది… దవడ ముక్కలు రెండూ ఒకే గుంటలో దొరికాయి. మధ్యలో వేలెడు సందు. మీ తమ్ముడి సంగతి తెలియనిదేముంది, పగిలింది కనిపిస్తే చేతులు ఊరుకోవు. ఆ సందులో ప్లాస్టరు కూరి, గమ్ముతో అతికించేశారు… ఆ, మీ ఇంట్లో టీకప్పులు అతికించినట్టే. అవీ కారేవటగా.

ఇప్పుడేమైందంటే, ఎనభై మూడో రోజున జబ్బు పడింది ఒకడు, పాలు మానిన గుర్తు పంటిలో ఉన్నది ఇంకొకడికి. ఇద్దర్నీ కలిపి మీ తమ్ముడు ఒకే జీవితచరిత్ర రాసేశారు. ఒకడి పుట్టినరోజు, ఇంకొకడి చావు.

…చెప్పలేదు. తెలిసి మూడు రోజులైంది. నాకు నోరు రాలేదు వదినా.

…భయమా? ఆయనంటే నాకెందుకు భయం, బల్లిని చూసి మంచమెక్కే మనిషి. అది కాదు. మీ తమ్ముడికి పుట్టిన మూడో నెలలో కోరింత దగ్గు వచ్చి, ఇక దక్కడనుకున్నారటగా… ఆ, మీరే రాత్రీ పగలూ ఎత్తుకుని తిరిగారట, ఆయనే చెప్పారు. ఎనభై మూడో రోజు గీత మొదటిసారి చూపించినప్పుడు ఆయన మొహం చూడాల్సింది. 'వీడూ నాలాగే బతికి బట్టకట్టాడే' అన్నారు. ఆ రోజునుంచీ బుడ్డోడు, బుడ్డోడు అని ఒకటే మురిపెం.

ఇప్పుడు నేను వెళ్లి, పాలు మానేదాకా బతికింది వాడు కాదండీ, వాడి సంగతి ఆ తర్వాత మనకి తెలియదండీ అని… ఎలా చెప్పను?

…ఆయన్ని పడేశారా? మీరా? ఎంత ఎత్తునుంచి?… పడేస్తే పంటిలో గీత పడదు వదినా, నెత్తిన బొప్పి కడుతుంది. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెవరూ కోసి చూడరు, కంగారుపడకండి.

నవ్వకండి. మూడో వరసలో తెల్లగడ్డం ఆయన ఒకరు ఉన్నారేమో చూడండి… చేతిలో నల్ల నోటుపుస్తకం? అనుకున్నాను. ఆయనా ఈ పాతకాలపు పళ్లు చదివే మనిషే. నిన్న మా ల్యాబు గదికొచ్చి రెండు పళ్లూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశారు. గంటసేపు. వెళ్తూ వెళ్తూ 'రేపు వచ్చి వింటాను' అన్నారు. అంతే అన్నారు.

అదీ. మీ పన్నెండుమంది టీచర్ల ముందు ఆయన లేచి నిలబడితే మీ తమ్ముడు…

…అవును, ముందే చెప్పాల్సింది. ఇప్పుడు చెబుతాను. స్నానం కాగానే… చీటీ మీద రాసి కూడా పెట్టుకున్నాను, రెండు లెక్కలూ, ఒకదాని కింద ఒకటి. ఇదిగో, ఇక్కడే బల్లమీద…

…

ఆగండి. నీళ్ల చప్పుడు ఎప్పుడో ఆగినట్టుంది.

…

ఎంతసేపైంది మీరు ఇక్కడ నిలబడి?… ఏవండీ.

వదినా, వచ్చేశారు. గుమ్మంలో ఉన్నారు, తువ్వాలుతో… ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. తల తుడుచుకోవడం కూడా లేదు. చొక్కా అడిగి… అడగలేదు, లాక్కున్నారు. ఒక చెయ్యి ఇంకా ముడతలే ఉందండీ… వినరు. తొడుక్కుంటున్నారు.

…ఇటు వెళ్లారు. అలమరా తీశారు. దవడ తీశారు… అసలుది కాదు, సభలో చూపించడానికి చేసిన అచ్చు. ప్లాస్టరుది. చూస్తున్నారు.

…ఇంకా చూస్తున్నారు.

అమ్మో.

…విరిచేశారు. మధ్యలోకి. సరిగ్గా ఆ సందు దగ్గర.

…కోపంగానా? కాదు… రొట్టె విరిచినట్టు, నెమ్మదిగా. రెండు ముక్కలూ తుడిచారు. ఒకటి ఎడమ జేబులో పెట్టుకున్నారు. ఇంకోటి కుడి జేబులో.

…నన్ను చూడలేదు. చెప్పులు వేసుకుంటున్నారు. ఏవండీ, నేను కూడా…

…

వెళ్లిపోయారు. తలుపు కూడా వెయ్యలేదు.

…ఏమో, నాకు మాత్రం ఏం తెలుసు. మీరక్కడే కూర్చోండి. టీచర్లని కదలనివ్వకండి. నేను చీర మార్చుకుని, ఆ చీటీ తీసుకుని వస్తాను. ఇక్కడే పెట్టాను… ఇస్త్రీపెట్టె కింద కాదు… బల్లకింద…

…లేదు వదినా.

చీటీ లేదు. ఆయనే తీసుకెళ్లారు.

…ఆ. ఉంటాను మరి.