సైకిల్ ఎక్కడ పడి ఉంది?

అయ్యలారా, అమ్మలారా, డ్యూటీ మధ్యలో వచ్చిన పోలీసు సోదరులారా, హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సైకిల్ మిత్రులారా,

పోయిన మనిషి నా చెల్లెలి భర్త. ఈ ఊరి ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు. ఆ సాయంత్రం కూడా మామూలు చొక్కాలో, సైకిల్ మీద, డ్యూటీలోనే ఉన్నాడు. వంతెన దిగుతుంటే నీళ్ల ట్యాంకరు వెనక నుంచి కొట్టింది. ఇంతమంది కదిలి వచ్చారు, మా చెల్లెలికి అదే ధైర్యం. నాకన్నా ముందు మాట్లాడినవాళ్లు తీరని లోటు అన్నారు, ఆదర్శప్రాయుడు అన్నారు. ఆ మాటలు ఎవరు పోయినా అతుకుతాయి. నేను ఈయన ఒక్కడికే అతికే మాటలు చెబుతాను. కొన్ని గుచ్చుకుంటాయి. ఈ వయసులో నన్నెవరు ఏం చేస్తారు?

ప్రమాదం జరిగిన చోటికి రాగానే పోలీసులు చేసే మొదటి పని ఏమిటి? దారి తెరవడం. లారీని కదపాలంటే క్రేను రావాలి, అందుకని అది ఉన్నచోటే ఉంటుంది. దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తారు. మరి సైకిల్? ఒంటిచేత్తో ఎత్తి పక్కన పెడతారు. కుట్ర కాదు, కక్ష కాదు. తేలిగ్గా ఉంటుంది, అంతే. టేపు బయటికి తీసేసరికి సైకిల్ రోడ్డు అంచున ఉంటుంది. కొలతలు అక్కడి నుంచే మొదలు. కాగితం మీద సైకిల్‌వాడు ఎప్పుడూ అంచునే పడతాడు. వాణ్ణి ఎవరూ కొట్టరు. వాడే పడతాడు. చరిత్ర పుస్తకాలు చాలా చదివాను నేను. రథాల లెక్క ఉంటుంది, రథాల కింద నలిగినవాళ్ల లెక్క ఉండదు. వాళ్లను ఎలా మాయం చేస్తారో మాత్రం ఈయన చెబితేనే తెలిసింది.

ఈయనకెలా తెలిసింది? ఒక దర్జీ పోయాడు. తనే జారిపడ్డాడని రాశారు. దర్జీ భార్య వంగిపోయిన వెనక చక్రాన్ని స్టేషన్‌కి మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. "జారిపడితే వెనక చక్రం ఇట్లా ముడుచుకుంటుందా సారూ? మీలో ఎవరైనా ఒకసారి పడి చూపించండి" అంది. ఈయన ఆరా తీస్తే, కొలతలకు ముందే సైకిల్‌ని ఎత్తి అంచున పెట్టారని తేలింది. అప్పటి నుంచి ఈయనది ఒకటే పట్టు. గీత పడేదాకా సైకిల్ మీద ఎవడూ చెయ్యి వెయ్యకూడదు. హారన్లు చెవులు చిల్లులు చేస్తున్నా, కార్లలోంచి బూతులు వినబడుతున్నా, ఆ సైకిల్ పక్కనే నడిరోడ్డు మీద నిలబడేవాడు. కానిస్టేబుళ్లు సుద్దముక్క మాస్టారని పేరు పెట్టారు. మా చెల్లెలు ఊరుకుంటుందా? "మా ఇంట్లో చెంబు దొర్లినా ముందు గీత గియ్యాలి, ఆ తర్వాతే తుడుచుకోవాలి" అనేది.

ఒకసారి పెద్ద అధికారి ఫోన్లో విరుచుకుపడ్డారట. "ఒక్క సైకిల్ కోసం ఊరంతా ఆపేస్తావా?" ఈయన అన్నాడట, "వాళ్లంతా ఇంటికి ఆలస్యంగా పోతారు సార్. ఇతను పోడు." ఆ అధికారి ఈ వేదిక మీదే ఉన్నారు. పోయినాయన గుర్తుగా హెల్మెట్లు పంచుతామని ఇందాకే ప్రకటించారు. అయ్యా, మా బావ హెల్మెట్ పెట్టుకునే పోయాడు.

ఇంకోటి వినండి. మామూలు మనిషిలా సైకిల్ తొక్కుతూ వెళ్లేవాడు. తనను రాసుకుంటూ పోయిన బండిని, ఈయన ఫోన్ చెయ్యగానే, ముందున్న సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్ ఆపేవాడు. జరిమానా తర్వాత సంగతి. ముందు ఆ డ్రైవర్ని స్టాండు వేసిన సైకిల్ మీద కూర్చోబెట్టి, పోలీసు జీపును అంతే దగ్గరగా పోనిచ్చేవాడు. అట్లా దొరికినవాళ్లలో మన సైకిల్ క్లబ్బు అధ్యక్షులు ఒకరు. ఆదివారం సైకిల్, సోమవారం కారు. జీపు పక్కనుంచి పోగానే "అమ్మో, చంపేస్తారా ఏంటి?" అని అరిచారట. "ఇందాక నేనూ అదే అనుకున్నాను సార్" అన్నాడట ఈయన. నవ్వండి, ఫరవాలేదు. ఈయన్ని ఆ పని నుంచి తప్పించమని పైవాళ్లకు అర్జీ పెట్టింది కూడా ఆ అధ్యక్షులే. ఇప్పుడు నవ్వండి.

ఇక అసలు సంగతి. వంతెన మీదికి మొదట చేరుకున్నది ఎవరు? ఈయన స్టేషన్‌వాళ్లే. ఈయన దగ్గర గీత గియ్యడం నేర్చుకున్నవాళ్లే. వాళ్లలో ఒక కానిస్టేబుల్ సైకిల్‌ని ఎత్తి రెయిలింగుకు ఆనించాడు. ఆసుపత్రి వరండాలో మా చెల్లెలి ముందు కూలబడి తనే చెప్పాడు: "అమ్మా, సార్ సైకిల్ మీంచి బండ్లు పోతుంటే చూడలేకపోయాను. రోడ్డు మధ్యలోంచి నేనే ఎత్తాను." విన్నారా? నిర్లక్ష్యం కాదు. ప్రేమ! ఎవరి సైకిలో అయితే గీత గీసేవాడు. సార్ సైకిల్ కాబట్టి చేతులు ఆగలేదు.

మర్నాటికి అదే మనిషి "గుర్తులేదమ్మా" అన్నాడు. మరిచిపోయాడా? మరిచిపొమ్మన్నారా? గీత లేకుండా ఎత్తానని ఒప్పుకుంటే అతని ఉద్యోగానికి ముప్పు, డిపార్టుమెంటుకు తలవంపులు. తర్వాతి సిగ్నల్ దగ్గర దొరికిన ట్యాంకరు డ్రైవరేమో తన బండి తగల్లేదంటున్నాడు. రేపు పొద్దున కోర్టుకు వెళ్లే నివేదికలో ఏముందో తెలుసా? సైకిల్ రోడ్డు అంచున ఉన్నది, ఇన్‌స్పెక్టరు అదుపు తప్పి తనంతట తానే పడినాడు. దర్జీకి రాసిన వాక్యమే. పొల్లు పోలేదు.

మా చెల్లెలికి బిరుదులు వద్దు, వీధికి ఆయన పేరు వద్దు. తన భర్త సైకిల్ తొక్కడం చేతకాక చచ్చిపోలేదని కాగితం మీద ఉండాలి. అది కూడా ఎక్కువేనా?

నాయనా, నువ్వు ఈ హాల్లోనే ఉన్నావు. నీ పేరు నేను చెప్పను. మా చెల్లెలు నిన్ను తిట్టలేదు, తిట్టదు. వేదిక వైపు చూడకు. ఆమె వైపు చూడు.

ఇక అందరూ లేవండి. వేదిక మీదున్న పెద్దలు కూడా. తల దించుకుని నిలబడదాం. ఈ మౌనం మనందరిదీ. నాయనా, నీది మాత్రం కాదు. నువ్వు ఎప్పుడు నోరు విప్పితే, మేం అప్పుడు కూర్చుంటాం.