రిప్లై అందరికీ పోవాలి

భిలాయి క్యాంప్ 2లో కాంట్రాక్టు కార్మికుల సంఘం గది. సభ్యులందరికీ ఒకేసారి మెయిల్ వెళ్లే కొత్త సాఫ్ట్‌వేర్ ఎంచుకుంటున్న కుర్ర కార్యదర్శితో ఒక ముసలి వెల్డరు తగువుకు దిగాడు.

“ఇది తీసుకుందాం మావయ్యా. పాస్‌వర్డ్ కొట్టి లోపలికెళ్తేనే రాయగలరు.”

“మనోళ్లకి వచ్చిన మెయిల్‌కి రిప్లై నొక్కడమొకటే తెలుసు. పాస్‌వర్డ్ అడిగితే ఎవుడు రాస్తాడు?”

“రాయకపోతే మంచిదే. మొన్న మన సభ్యుడు కొర్నేలి సావు కబురు మెయిల్ కింద, తన ప్లాంటు గేటుపాసు కాంట్రాక్టు ఠేకేదారు ఆపేశాడని మన డైసీ రిప్లై రాసింది. నాకు సిగ్గేసింది.”

“దాని కిందే మరో నలుగురు మా పాసులూ ఆపేశాడన్నారు. అందుకే గదా అందరం పోయి ఆడి గుమ్మంలో కూకున్నాం!”

“రిప్లై అందరికీ పోతే కమిటీని తిట్టేదీ అందరికీ పోద్ది.”

“పోనీరా! నోళ్లు కుట్టడానికేటి సంఘం? రిప్లై అందరికీ పోయేదే పెట్టు. మొదటి తిట్టు నాదే.”