పారిస్ నుంచి మాస్కోకి ఎర్ర పెన్సిలు లైను

ఈ రిటైర్మెంటు సభ అధ్యక్షులు శ్రీ సమాధానం గారికి, వేదిక మీది పెద్దలకు, లోకో షెడ్డు ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ డ్రాఫ్ట్స్‌మన్‌ను భరించిన మిత్రులకు, ముందు వరసలో కూర్చుని ‘తొందరగా ముగించు’ అని కళ్లతోనే చెబుతున్న నా భార్య నవోమికి నమస్కారాలు. (నవ్వులు)

ఇందాకటి నుంచీ మాట్లాడినవారంతా నాది గొప్ప ఓర్పు అన్నారు. అది శుద్ధ అబద్ధం. ఉన్న ఓర్పంతా ఆ గోడకు ఆనించిన పటం తినేసింది. అది నాతో ఇంటికి వస్తుందా, ఇక్కడే ఉంటుందా అని నిన్నటి నుంచి ప్రాణం తీస్తున్నారు. చెబుతాను, ఉండండి.

పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో, వానల్లో, ఈ రైల్వే ఇన్‌స్టిట్యూటులో క్యారమ్స్ ఆడి ఆడి విసుగెత్తిన గార్డు హెబ్రోను ‘అన్నా, నెపోలియన్ కాలం యూరప్ పటం ఒకటి గీసియ్యి, యుద్ధాలాడుకుందాం’ అన్నాడు. నేను, బుద్ధి లేక, సరే అన్నాను. డ్రాయింగు గుడ్డ మీద పద్నాలుగు నెలలు గీశాను. 1812 నాటి యూరప్ అంటే మాటలా? జర్మనీ అనే దేశమే లేదు, ముప్ఫైకి పైగా ముక్కలు, అన్ని రంగులు ఎక్కడి నుంచి తేవాలి? బవేరియాకు మా వంటింటి పసుపే పూశాను. తీరా తెచ్చి పరిస్తే ‘ఇందులో మన బిట్రగుంట ఎక్కడ?’ అన్నారొకరు. ఇంకొకరు స్పెయిన్ మీద టీ గ్లాసు పెట్టారు. మచ్చ ఇంకా ఉంది. పెట్టినవారి పేరు చెప్పను, అధ్యక్షులవారిని సభలో తప్పుపట్టడం మర్యాద కాదు. (నవ్వులు)

ఆటలో చింతగింజలు సైనికులు, పక్కూరు బోగోలు నుంచి తెచ్చిన గవ్వలు ఓడలు. తిండి డిపోకు మూడు గళ్లు దాటి పోయిన గింజలు ఆకలికి చచ్చినట్టు లెక్క. ఆ నియమం నాదే. ఒక సోమవారం వచ్చి చూద్దును కదా, పారిస్ నుంచి మాస్కో దాకా ఎర్ర పెన్సిలుతో రైలు లైను. మధ్యలో ఇంజన్లకు నీళ్లు పట్టే చోట్లు కూడా. గీసింది డ్రైవరు మాలకొండయ్య. రైలు పుట్టడానికి ఇంకా పదమూడేళ్లుందయ్యా, పద్నాలుగు నెలల నా చాకిరీ ఏం కావాలి అని అరిచి, ఆరు నెలలు నేను ఈ గడప తొక్కలేదు.

చివరికి ప్లాట్‌ఫారం మీద దొరికితే నిలదీశాను. అతను తల వంచుకుని అన్న మాట ఇది: ‘యెహోషువన్నా, మాస్కో ముందర నా గింజలు నలభై ఉండాయి. నీ లెక్కకి అన్నీ ఆకలికి సచ్చేవే. తిండి బండి వచ్చేదానికి దోవ లేదంట. చూస్తా చూస్తా ఎట్ట తీసేసేది?’

నెపోలియన్ సైనికులు ఆ ఏటి రష్యా చలిలో నిజంగానే వేలకు వేలు తిండి లేక పోయారు. సరిహద్దులు వెంట్రుకవాసి తేడా రాకుండా గీసిన నాకు వాళ్లు ఒక్కరోజూ గుర్తు రాలేదు. సిగ్గేసింది. కోపం మాత్రం పోలేదు.

ఈ పొద్దున ఆ లైను చెరిపేసి పటం ఇంటికి పట్టుకుపోదామని రబ్బరు జేబులో వేసుకుని వచ్చాను. గంటసేపు దాని ముందు కూర్చున్నాను. పటం ఇక్కడే ఉంటుంది. మీ అభిమానానికి, ఈ పూలదండకు కృతజ్ఞుణ్ణి. ఒక్క మాట, మాలకొండయ్యా. ఇన్నేళ్లు ఇంజను నడిపావు, రష్యా సరిహద్దులో నేమన్ నది మీద లైనును గాలిలో వేలాడదీశావు. నలభై మంది తిండి నీళ్లలో పడదా? ఏడు స్తంభాల వంతెన కట్టాను, నీ ఎర్ర పెన్సిలుతోనే. ఇక బండి పోనియ్యి. సెలవు.