చూడని సినిమాకు తీర్పు

సూర్యాపేట నుంచి కోదాడ పోయే బస్సు, శుక్రవారం పొద్దున. ముగ్గురు కూర్చునే సీట్లో కిటికీ పక్కన శ్రీలత, నడుమ ఆమె భర్త రాకేష్, ఈ కొసన ఒక పెద్దామె.

"దొంగవు నువ్వు. నువ్వూ, నీ వీడియోలు నమ్మి ఆట లేపేసే థియేటరోళ్లూ, అందరూ దొంగలే."

"మెల్లగ మాట్లాడు శ్రీలతా. బస్సు ఇది."

"బస్సైతే ఏంది? సినిమా కోదాడల ఇయ్యాల పదకొండు గంటలకు పడుతది, సూడనీకె ఇప్పుడే పోతున్నం. 'ఇప్పుడే చూసి బయటికొచ్చిన, తలనొప్పి పట్టుకుంది మిత్రులారా' అని నువ్వు నిన్న మన డాబా మీద నిలవడి చెప్పినవ్. బట్టలు ఆరేద్దామని వచ్చి నా చెవులతోటి విన్న."

"అది... ప్రాక్టీసు."

"ప్రాక్టీసా? మరి ఒంటిగంటకు దానంతటదే చానల్‌ల పడేటట్టు ఎందుకు పెట్టినవ్?"

"నా ఫోన్ నువ్వెందుకు సూసినవ్?"

"చార్జింగ్ పెడుతుంటే కనవడ్డది. ఆ సినిమా హీరో, మన కాలేజీ పవన్ మొఖం మీద ఎర్ర గీతలు కొట్టి, కింద 'పైసలు దండగ' అని రాసినవ్."

"ఎవలి మొఖం మీద గీతలు కొట్టిండు బిడ్డా?"

"ఏం లేదు పెద్దమ్మా. నువ్వు పండుకో."

"ఎట్ల పండుకోవాలె కొడుకా, నా చెవు పక్కన మీరు గిట్ల కొట్లాడవడితిరి. నా పేరు యాదమ్మ, ఆత్మకూర్ మాది. కోదాడల బిడ్డ తానికి పోతున్న. నువ్వు చెప్పు బిడ్డా, ఏం చేసిండు గీయన?"

"సినిమాలు బాగున్నయో లేవో ఫోన్‌ల చెప్తడు పెద్దమ్మా. 'మార్నింగ్ షో రాకేష్' అంటరు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు ఊర్ల థియేటరోళ్లు ఈయన మాట విన్నంకనే సినిమా ఉంచాల్నా లేపాల్నా అని సూసుకుంటరు. పవన్ అని మాతోటి డిగ్రీ చదివిన పిలగాడు ఉన్నడు, కోదాడాయననే. సిన్న సిన్న ఏషాలు ఏసుకుంట ఏసుకుంట ఇయ్యాల హీరో అయిండు. ఆ సినిమా సూడకముందే బాగలేదని ఈయన చెప్పి పెట్టిండు."

"అయ్యో! కూర నోట్ల పెట్టకముందే ఉప్పెక్కువైందంటె ఎట్ల కొడుకా?"

"నీకు తెల్వదు పెద్దమ్మా. వాడు ఏ సినిమాల ఉన్నా అది గంతనే ఉంటది."

"గదే నేను అడుగుతున్న రాకేష్. వాడు సిన్న ఏషం ఏసిన దయ్యం సినిమాకు ఏమని చెప్పినవ్?"

"భయపడాల్సిన కాడ ఆవులింతలొచ్చినయ్ అన్న. ఉన్నదే అన్న."

"పవన్ లిఫ్టు తలుపు తెరిసినప్పుడు నేను కెవ్వుమన్న. పక్క సీటామె చెయ్యి పట్టుకున్న."

"పక్క సీటామెది! ఇటు దిక్కు నా చెయ్యి లేకుండెనా?"

"ఏందీ?"

"ఏం లేదు."

"కామెడీ సినిమాకు?"

"నవ్వు రాలే. ఎవలికీ రాలే."

"నాకొచ్చింది. పెండ్లిల ఫొటోలు తీయనీకె వచ్చి, పెండ్లికొడుకును ఇడిసిపెట్టి బగార అన్నం ఫొటోలు తీసుకుంట తిరుగుతడు కద పవన్... నవ్వలేక సచ్చిన."

"సూసిన. ముందు సీటు మీద తలకాయ ఆనిచ్చి మరీ నవ్వినవ్. పెండ్లయి ఏడేండ్లాయె. నా మాటకు ఒక్కసారన్న గట్ల నవ్వినవా?"

"నువ్వు ఒక్క జోకన్న ఏసినవా?"

"గది నిజమే బిడ్డా. ఏస్తెనే కద నవ్వేది."

"పెద్దమ్మా, నువ్వు జర ఆగు."

"ఆమె మీద ఎందుకు పడుతున్నవ్? పోలీస్ సినిమా సంగతి చెప్పు. 'కానిస్టేబుల్ పాత్ర దండగ, కథకు అడ్డం' అన్నవ్. పవన్ ఏసిండని గంత మాట అన్నవ్. కథంత ఆ కానిస్టేబులే కద! దొంగను పట్టిచ్చిందే వాడాయె."

"పట్టుకున్నది ఎస్సై కద?"

"ఎస్సైయే దొంగ, రాకేష్."

"అవునా?"

"అవునా అంటవేంది! క్లైమాక్స్ నడుస్తుంటే నువ్వు ఏడ ఉన్నవ్? కింద కామెంట్లు సదివినవా? 'అన్నా, నువ్వు పోయింది ఏ థియేటర్‌కు' అని అడుగుతున్నరు జనం."

"నిద్ర వట్టి ఉంటది."

"నిద్ర గాదు. నేను ఎప్పుడు ఇటు మళ్లి సూసినా నీ కండ్లు నా మీదనే ఉంటున్నయ్. తెర మీద లేవు."

"ఉంటే? నా పెండ్లాన్ని నేను సూసుకున్న. తప్పా?"

"సినిమా చెప్తనని జనానికి చెప్పి నన్ను సూసుడు తప్పే."

"పెండ్లయిన కాన్నుంచి గంతే. నువ్వు లేకుంట ఒక్క సినిమాకన్న పోయిన్నా? నువ్వు నవ్వితె ఊరంత నవ్వుతది. ఇంటర్వెల్ అయినంక కూడ నువ్వు సమోసా కొరుక్కుంట కూసున్నవంటే ఆ సినిమా ఖతం. చేతుల సమోసా చేతులనే సల్లారితే హిట్టు. నా లెక్క ఎన్నడు తప్పలే. ఆ పవన్ గాడు తెర మీదికొచ్చినంకనే..."

"వచ్చినంక?"

"నాకు ఎన్నడు సూపియ్యని మొఖం వానికి సూపిచ్చినవ్."

"వానికా? వాడు తెర మీద ఉండె. వాడు నన్నెట్ల సూస్తడు?"

"నేను సూస్తున్న కద! డిగ్రీల నాటకం ఏసిననాడు కూడ గంతే. వాడూ నేనూ ఇద్దరం ఏసినం. నువ్వు చప్పట్లు కొట్టింది వానికి."

"కాలేజీ అంత వానికే కొట్టింది. నువ్వు మాటలు మర్సిపోయి నిలవడ్డవ్. ఆ తర్వాత నేను చేసుకున్నది ఎవల్ని? మరిసిపోయినోన్నే కద?"

"జాలివడి చేసుకున్నవేమో."

"జాలివడితె చాయ్ పోస్తరు. పెండ్లి చేసుకోరు. అగో, నీ ఫోన్ మోగుతుంది."

"మిర్యాలగూడ థియేటర్ మంగయ్య. తర్వాత మాట్లాడుత."

"ఇప్పుడే మాట్లాడు. స్పీకర్ పెట్టు. నేను వినాలె."

"హలో... ఆఁ, మంగన్నా."

"రాకేష్ తమ్మీ! ఒంటిగంట దాకా ఆగుడు నాతోటి గాదు. కొత్తోడు హీరో, బుకింగ్ సల్లగ ఉన్నది. రేపటికి పవన్ సినిమా ఉంచాల్నా, తీసేసి ఏదన్న డబ్బింగ్ బొమ్మ ఏసుకోవాల్నా? వాడపల్లి సిమెంట్ ఫ్యాక్టరీల డ్యూటీ దిగినోళ్లు సెకండ్ షోకు వస్తరు, ఆళ్లకు ఏదో ఒకటి చెప్పాలె. నీ మాట మీదనే ఉన్న."

"జరసేపాగి చేస్త అన్నా."

"సూసి చెప్పు తమ్మీ, సూసి చెప్పు. మొన్నటి కుటుంబ కథ సినిమా బాగలేదన్నవని మూడోనాడే లేపిన. కోదాడల నెల ఆడింది అది. మా ఇంట్ల ఆడోళ్లు బస్సెక్కి కోదాడ పోయి సూసొచ్చిన్రు! థియేటర్ నాది, సూసింది పక్కూర్ల. ఇజ్జత్ పోయింది."

"ఈసారి సూసే చెప్త. పెట్టేస్తున్న."

"ఇన్నవా పెద్దమ్మా?"

"ఇన్న బిడ్డా. ఓ పిలగాడు ఇన్నేండ్లు కష్టపడి కంచం ముంగట కూసుంటే, నువ్వు కంచం గుంజుతున్నవ్ కద కొడుకా! ఏం పగ నీకు వానితోటి?"

"పగ ఏం లేదు."

"పగనే. ఆ కుటుంబ కథ సినిమాకు 'ఒక్క సుక్క కన్నీళ్లు రావు' అని చెప్పినవా లేదా?"

"నీకొచ్చినయ్ గద! కొంగంత తడిసింది. వాడు మంచంల ఉన్న తల్లికి తల దువ్వుతుంటే నువ్వు ఎక్కెక్కి ఏడ్సినవ్. మా అమ్మ సచ్చిపోయిననాడు నువ్వు గట్ల ఏడ్వలే శ్రీలతా. నేను సూసిన. నీ కంట్ల తడి లేదు. ఎవడో సినిమాల దువ్వెన పట్టుకుంటే మాత్రం..."

"ఆగు."

"ఎందుకాగాలె? అడిగినవ్ కద, విను. అప్పుడే అనుకున్న, వీని సినిమా ఒక్కటి కూడ నిలవనియ్యద్దని."

"ఆగు అంటున్న రాకేష్. ఆనాడు ఇంటి నిండ జనం. నువ్వు ఓ మూల, మీ అక్కలు ఓ మూల పడి ఏడుస్తున్నరు. వచ్చినోళ్లకు చాయ్ ఎవలు పెట్టాలె? సన్నపిల్లలకు ఇంత అన్నం ఎవలు కలపాలె? దినాలు అయ్యేదాక నేను పొయ్యి కాడికెల్లి లేస్తే కద, ఏడ్సెతందుకు. ఆమె మంచాన వడ్డప్పటి సంది రోజు తల దువ్వింది ఎవలు? నువ్వా?"

"నువ్వే."

"థియేటర్ల చీకటి ఉంటది. చాయ్ అడిగెటోడు ఉండడు. గందుకే ఆడ ఏడ్సిన. మీ అమ్మ కోసం ఏడ్సిన. ఆ సినిమాల ముసలామె అచ్చం మీ అమ్మ లెక్కనే 'నొస్తుంది, మెల్లగ' అని కసురుకుంటది. తెర దిక్కు సూస్తే నీకూ తెలుస్తుండె. నువ్వు నా మొఖం సూసి, పవన్ కోసమనుకొని, మిర్యాలగూడల ఆట లేపిచ్చినవ్."

"అమ్మ... గట్లనే కసురుకునేది."

"బిడ్డా, కోదాడ వచ్చింది. సామాన్లు తీసుకోండ్రి. అగో, గా బస్టాండు కాడ పూలదండ ఏసిన్రు, గా ఫ్లెక్సీల ఉన్నోడేనా మీ పిలగాడు?"

"వాడే పెద్దమ్మా. రాకేష్, దిగకముందు ఆ వీడియో తియ్. నా ముంగట తియ్."

"తీసిన. సూడు, లేదు. మంగన్నకు ఫోన్ చేసి రేపటికి ఉంచమంట."

"అనకు. సూడకుంట బాగలేదనుడు ఎంత తప్పో, బాగుందనుడూ గంతే తప్పు. ఆట అయినంక చెప్త అను."

"సరే. పద, ఆటకు టైమైంది. రెండు టికెట్లు తీసిన."

"ఒకటి ఎవలికన్న ఇచ్చెయ్. నేను పెద్దమ్మ ఎంబడి పోయి, ఆమెను తోలుకొని మ్యాట్నీకి వస్త. వస్తవా పెద్దమ్మా?"

"తోలుకపోతే ఎందుకు రాను బిడ్డా!"

"గట్లెట్ల శ్రీలతా? నువ్వు లేకుంటె నేను లోపల ఎటు సూడాలె?"

"తెర దిక్కు సూడు. బయటికొచ్చినంక అందరికన్న ముందు నాకు ఫోన్ చెయ్. పవన్ బాగ చేస్తే బాగ చేసిండని, నీ నోటితోటి, నాకు చెప్పు."